మండువలోగిలి – అద్దపు కప్పు

ఇంటి నడుమ ఆకసమునకు విడిచిన తావును అద్దముతో కప్పి, ఎండ వచ్చునట్టియు వాన రానట్టియు గదిగా మార్చుకొనుట మా ఆర్మూరులో ఇటీవల కనవచ్చుచున్న వాడుక. దీనిని కొందఱు ఎండగది యనుచున్నారు. పిల్లలు సన్‌రూం అనుచున్నారు. ఇది కేవలము వేడుకకై చేసికొను మార్పని తోచవచ్చును. కాని ఇంటి నడిమి తెఱపిని మూయుట యనగా వేయి యేండ్లకు మించిన గృహనిర్మాణ సంప్రదాయమునకు మూత వేయుట. మార్పు కూడదని నేననను. ఆ తెఱపి ఇంతకాలము ఏయే పనులు చేయుచుండెనో, అద్దపు కప్పు ఎచ్చట ఏ యవసరమున పుట్టెనో తెలిసికొని, పిమ్మట మార్చుకొనవలెనని మాత్రమే నా మనవి.

ఆర్మూరు నిజామాబాదు జిల్లాలో సిద్ధులగుట్ట బండరాళ్ళ చెంత వెలసిన పట్టణము. చుట్టుపట్ల పల్లెలు పసుపుపంటకు పేరుపడినవి. 2025 జనవరి 14వ తేదిన ప్రారంభమైన జాతీయ పసుపు బోర్డునకు నిజామాబాదే ప్రధానస్థానమైనది. చలి తగ్గి ఎండ ముదురు దినములలో మావారు పసుపు త్రవ్వి, ఉడికించి, ఎండబెట్టుదురు. అమ్మకపు పంటకు పొలములోని కళ్ళములున్నవి. ఇంటి వాడుకకును, నోములకును, పెండ్లిండ్లకును దాచుకొను పసుపు మాత్రము పాతయిండ్ల నడిమి వాకిట చాపలమీద ఎండెడిది. దానితోపాటు మిరపకాయలు, వడియములు, తడిబట్టలు, స్నానము చేసిన పసిపిల్లలు – అన్నిటికిని ఆ వాకిలియే ఎండగది. దానికి తలుపు లేదు, కప్పు లేదు, అద్దము లేదు, అంతియే భేదము.

కోస్తావారు మండువలోగిలి యను ఇంటిని మావైపు భవంతి యిల్లందురు. నాలుగు ప్రక్కల గదులు, గదుల ముందు కంబములతో వసారాలు, నడుమ ఆకసము. నాలుగు కప్పులును లోపలికే వాలియుండును. వాననీరు నడిమి గుంటలోనికి జాఱి, జలదారి వెంట వీథిలోనికి పోవును. సంస్కృతమున దీనికి చతుశ్శాల యని పేరు. క్రీస్తుశకము 6వ శతాబ్దివాడగు వరాహమిహిరుడు బృహత్సంహితలో వాస్తువిద్యను జెప్పుచు, చతుశ్శాలలను వాని అలిందములనుబట్టి సర్వతోభద్రము, నంద్యావర్తము, వర్ధమానము, స్వస్తికము, రుచకము అని విభజించెను. అలిందమనగా మన వసారాయే. ఎడతెగక నాలుగు దిక్కుల వసారాలును, నాలుగు ద్వారములును గలది సర్వతోభద్రము. ఇంటికి పేరు పెట్టునపుడు ఆ పండితుడు గదుల లెక్క చూడలేదు. నడిమి తెఱపిని చుట్టివచ్చిన వసారా నడకను చూచెను. ఇల్లనగా ఆ తెఱపి చుట్టును కట్టినదే యని పూర్వుల తలపు.

ఈ తలపు మనకొక్కరికే చెందినది కాదు. ప్రాచీన రోమకుల యిండ్లలోను నడిమి చావడి పైకప్పునకు చతురస్రమైన కంత యుండెడిది. దానిక్రింద నేలలో వాననీటి తొట్టి యుండెడిది. క్రీస్తుశకము 79లో అగ్నిపర్వతపు బూడిదలో పూడి, పిమ్మట త్రవ్వకములలో బయల్పడిన పాంపేయి నగరమున అట్టి యిండ్లను నేటికిని చూడవచ్చును. ఎండయు వానయు గల దేశములలో మనుష్యుని బుద్ధి ఒకే త్రోవను నడచినది.

ఆ తెఱపి చేయు పని యేమి? వెలుతురు నిచ్చుట యని యెల్లరును చెప్పుదురు. అది సగము మాత్రమే. రాత్రివేళ వాకిటి నేల తన వేడిమిని ఆకసమునకు విడిచి చల్లబడును. చల్లని గాలి బరువైనది గనుక వాకిట నిలిచి చుట్టునున్న గదులలోనికి ప్రాకును. పగలు గదులలో వేడెక్కిన గాలి తేలికయై పైకెగసి ఆ కంతగుండ వెలుపలికి పోవును. కనుక మండువ ఇంటికి ముక్కువంటిది, కన్నును అదియే.

ఇచ్చట మాటలు కొన్ని గమనింపదగినవి. అమరకోశము కిటికీకి వాతాయనమనియు గవాక్షమనియు పేళ్ళు చెప్పినది. వాతాయనమనగా గాలి నడచు త్రోవ. గవాక్షమనగా ఆవుకన్ను. ఇంగ్లీషువారి విండో యను మాటయు ఉత్తరదేశపు పాతభాషలో గాలికన్ను అను అర్థము గల పదమునుండియే పుట్టినది. రెండు జాతులవారును కిటికీని మొదట గాలికే పెట్టిరి. వెలుతురు దాని వెంట వచ్చినది. గాలిని ఆపి వెలుతురును మాత్రమే లోనికి రానిచ్చు వస్తువు వచ్చిన దినమున ఆ రెంటికిని ఎడబాటు కలిగెను. ఆ వస్తువే గాజు.

కాచమను సంస్కృతపదమే మన గాజు. గాజులు, పూసలు మనకు ప్రాచీనకాలమునుండియు నున్నవి. కిటికీకి గాజుపలకను పెట్టుట మాత్రము మన యవసరము కాలేదు. చలిదేశముల కవసరమయ్యెను. క్రీస్తుశకము 14 నుండి 37 వఱకు ఏలిన రోమక చక్రవర్తి టైబీరియసునకు దోసకాయలన్న మిక్కిలి యిష్టమట. ఆయన తోటమాలులు దోసపాదులను చక్రములుగల తొట్లలో పెట్టి ఎండలోనికి త్రోయుచు, చలిదినములలో పారదర్శకమైన రాతిపలకల క్రింద కాపాడెడివారని ప్లీనీ వ్రాసినాడు. ఎండను లోనికి రానిచ్చి చలిని వెలుపల నిలుపు గదికి మూలము ఈ దోసపాదులే యనవచ్చును.

పిమ్మట రోమకులు మనుష్యులకును అట్టి గదులు కట్టుకొనిరి. వానికి హీలియోకామినస్ అని పేరు. సూర్యునిచే వేడెక్కు గది యని భావము. ఇట్టి గదికి వచ్చు ఎండను పొరుగువాడు తన కట్టడముతో అడ్డగించిన నేమి న్యాయమను ప్రశ్న వచ్చెను. 3వ శతాబ్ది ఆదిని జీవించిన అల్పియన్ అను ధర్మశాస్త్రవేత్త, ఎండ యవసరమైన చోట దానిని అడ్డగించుట వెలుతురు హక్కునకు భంగమే యని నిర్ణయించెను. ఆ నిర్ణయము 533లో జస్టీనియను చక్రవర్తి వెలువరించిన ధర్మసంగ్రహమున చేరి నేటికిని నిలిచియున్నది. ఎండ యొకరి సొత్తు కాదు. కాని దానిని పొందు హక్కు కలదు. ఈ మాటను శ్రోతలు జ్ఞప్తియందుంచుకొనవలెను; ముందు దీనితో పని యున్నది.

రోమకుల తరువాత అద్దపుటింటి కథ ఉత్తరమునకు సాగి ఇంగ్లండు చేరెను. అచ్చట గాజు చిరకాలము ధనవంతుల వస్తువు. కిటికీల లెక్కనుబట్టి యింటిపై పన్ను 1696లో మొదలయ్యెను. పన్ను తప్పించుకొనుటకై జనులు కిటికీలను ఇటుకలతో మూసికొనిరి. గాజుపై సుంకము 1845లోను, కిటికీపన్ను 1851లోను తొలగినవి. ఆ 1851లోనే లండనులోని హైడుపార్కున జోసెఫ్ పాక్స్టను నిర్మించిన స్ఫటికభవనము లోకమును అబ్బురపఱచెను. దాని పొడవు 1,848 అడుగులు. గోడలును కప్పును గాజే. పాక్స్టను మొదట తోటపనివాడు. మొక్కలకు అద్దపుటిండ్లు కట్టి యనుభవము గడించినవాడు. అందుచేత ఆయన రెండు జాగ్రత్తలు తీసికొనెను. గోడల పొడవునను తెఱచి మూయదగిన పలకలమర్చి గాలికి త్రోవ విడిచెను. కప్పుపై ఎండ తీవ్రతను తగ్గించుటకు గుడ్డ పఱపించెను. ఆ భవనపు చిత్రమును చూచి మురిసినవా రెందఱో. ఆ గుడ్డను, ఆ పలకలను గుర్తుంచుకొన్నవారు కొందఱే.

మన దక్షిణదేశమునను దాని పోలిక కలదు. బెంగుళూరు లాల్‌బాగులోని గాజుభవనమునకు 1889లో శంకుస్థాపన జరిగెను. బెంగుళూరు సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల యెత్తున నున్న చల్లని ఊరు. అచ్చట ఒప్పినది ఆర్మూరున అట్లే యొప్పునని యనుకొనరాదు.

మా ప్రాంతమునకు అద్దము వేఱొక త్రోవను వచ్చినది. 1865లో బాసెల్ మిషనువారు మంగుళూరులో పెంకుల కర్మాగారమును పెట్టిరి. ఆ పెంకులే మనవైపు వాడుకలో బెంగుళూరు పెంకులైనవి. గూనపెంకుల స్థానమున వానిని కప్పినపుడు, నడుమ అచ్చముగా అదే యాకృతి గల అద్దపుపెంకు నొకటి రెంటిని దూర్చెడివారు. చీకటి వంటయింటిలోనికి పలకంత యెండ దిగెడిది. అది పొదుపెఱిగిన అద్దము. ఇక దొరల గడులలో అద్దము వైభవమునకు చిహ్నమయ్యెను. ఇప్పుడు కామారెడ్డి జిల్లాలో చేరిన దోమకొండ కోటలో అద్దాలమేడ యను భవనము కలదు. 2022లో ఆ కోట సంరక్షణమునకు యునెస్కోవారి ఆసియా పసిఫిక్ బహుమానము లభించెను. పేరు అద్దాలమేడయే యైనను దాని నడుమ తెఱపి లోగిలి యున్నది. అద్దమునకు సంపదయున్నవారును ఆకసమును విడువలేదు.

మఱి మండువలు ఎట్లు మూతపడినవి? ఒక్కనాడు మూతపడలేదు. మొదట అన్నదమ్ముల పంపకములు వచ్చినవి. నడిమి వాకిలిని తాడు పట్టి కొలిచి, అడ్డముగా గోడ పెట్టిరి. గాలి యాడు చోటు రెండు ఇరుకు సందులయ్యెను. పిమ్మట సిమెంటు వచ్చెను. 1963 జులై 26న పోచంపాడువద్ద నెహ్రూగారు జలాశయమునకు పునాదిరాయి వేసిన తరువాతి కాలమున కాలువనీరును, దానివెంట రొక్కమును వచ్చినవి. అటుపిమ్మట గల్ఫు దేశములకు పోయిన పిల్లల సంపాదన వచ్చెను. పాత దూలములు దింపి స్లాబు వేయుట గౌరవమయ్యెను. దింపని యిండ్లకు కోతుల బెడద తగిలెను. వానికి భయపడి మండువపై ఇనుప జాలీ వేసిరి. జాలీమీద రేకు పఱచిరి. రేకు చీకటియని ఇప్పుడు అద్దము పఱచుచున్నారు. కరగిన తగరముపై గాజును తేల్చి చదునుపలకలు చేయు పద్ధతిని ఇంగ్లండులో 1959లో ప్రకటించినది మొదలు గాజుపలక సామాన్యులకును అందుబాటులోనికి వచ్చెను.

ఇక అసలు ప్రశ్న. లండనుకు మేలు చేసిన అద్దపు కప్పు ఆర్మూరునకు మేలు చేయునా? దీనికి సమాధానము సూర్యుని నడుగవలెను. చలికాలపు మిక్కిలి పొట్టి దినమున, మధ్యాహ్నము లండనులో సూర్యుడు దిగంతమునకు 15 డిగ్రీల యెత్తున మాత్రమే నిలుచును. కావున అచ్చటివారు గోడను కప్పును గాజుతో చేసి ఆ వాలుటెండను ఏఱుకొందురు. అదే దినమున ఆర్మూరులో సూర్యుడు 48 డిగ్రీల యెత్తున నుండును. మే నెల నడుమ వచ్చుసరికి సరిగా నడినెత్తికి వచ్చును. జులై చివర మఱల ఒకమారు వచ్చును. మా యెండలు 45 డిగ్రీల వేడిమిని ముట్టు కాలము ఆ మొదటి రాకకు చేరువలోనిదే. అనగా కప్పున పఱచిన అద్దము, ఎండ హితమైన పుష్యమాసమున తక్కువగాను, ఎండ శత్రువైన వైశాఖమున నిండుగాను వేడిని లోనికి రానిచ్చును. మనకు కావలసినదానికి ఇది తలక్రిందు.

లోనికి వచ్చిన వేడి యేమగును? స్విట్జర్లాండు పండితుడు సొస్యూరు 1767లో నల్లని పెట్టెకు అద్దపు మూతలు వేసి ఎండలో పెట్టి పరీక్షింప నారంభించెను. పిమ్మట చక్కగా చేసిన పెట్టెలో వేడిమి 110 డిగ్రీలకు, అనగా నీరు మఱగు వేడికి మించి పోయెను. ఎండ అద్దమును సులభముగా దాటును. ఆ యెండవలన వేడెక్కిన నేలనుండి వెడలు వేడికిరణములు మాత్రము అద్దమును దాటవు. వేడెక్కిన గాలికిని పోవు దారి లేదు. గాలి త్రోవను మూసి అద్దము కప్పిన మండువ సొస్యూరు పెట్టెకు పెద్దయన్న యగును.

ఈ శాస్త్రమును మా పసుపు రైతునకు వేఱుగ చెప్పనక్కఱలేదు. ఉడికిన కొమ్ములను అయిదు నుండి యేడు సెంటీమీటర్ల మందమున పఱచి, పది పదునైదు దినములు ఎండబెట్టుదురు. మఱీ పలుచగా పఱచిన రంగు చెడును. రాత్రి కుప్పచేసి కప్పనిచో మంచు తగులును. ఎండ కావలెను, ఎండకు హద్దును కావలెను. ఇటీవల కొందఱు పారదర్శకమైన పట్టాలతో ఎండగుడారములు వేసి అందు పసుపు నెండబెట్టుచున్నారు. ఆ గుడారమునకు గాలి పోవు దారి పెట్టినగాని కొమ్ములలోని తేమ బయటికి పోదు. పసుపు ఎండదు, చెమర్చును. పసుపుకొమ్మునకు వర్తించు న్యాయము మనుష్యునకు వర్తింపదా?

ఇంకొక విషయము. ఎండ ఆరోగ్యమని గది కట్టుకొందురు. మదనపల్లె చెంత 1912లో స్థాపితమై 1915లో తెఱవబడిన ఆరోగ్యవరపు క్షయ వైద్యశాల నాటికి ఆ రోగమునకు నేటి మందులు లేవు. స్వచ్ఛమైన గాలి, విశ్రాంతి, మంచి యాహారము – ఇవియే చికిత్స. క్షయరోగిని ఆనాటి వైద్యులు తెఱపి వసారాలో పరుండబెట్టెడివారు, అద్దపుపెట్టెలో కాదు. అదిగాక, ఎముకలకు బలము నిచ్చు డి విటమినును మన చర్మమున పుట్టించు కిరణములు మామూలు కిటికీ అద్దమును దాటలేవని నేటి శాస్త్రము చెప్పుచున్నది. అద్దము వెనుక కూర్చున్న ముసలివారికి వెచ్చదనము దక్కును, ఆ లాభము దక్కదు.

ఇదంతయు నేను గ్రంథవాదముగా చెప్పుట లేదు. మా పాతయింటనే ఈ సంవత్సరము ఈ వాదము వచ్చెను. మా తమ్ముని కుమారుడు ఖతారు దేశమున పనిచేయుచు, మండువపై అద్దము వేయింతునని సొమ్ము కూడబెట్టినాడు. వాని కోరిక తప్పని యెట్లందును? ఇంటి కోడండ్రకు దినము దినము కోతులతో పోరు. వంటయింటిలోనికి జొరబడి గిన్నెలు బోర్లించినవి. పసిబిడ్డ ఒకమారు జడిసికొనెను. వానకాలమున ఒక గదినుండి మఱియొక గదికి పోవుటకు వసారాలో జాఱుచు నడవవలెను. ఆ కష్టము పడువారు వారు. మండువ అందమును గూర్చి ఉపన్యసించువాడను నేను. ఇంటి యాడువారి చాకిరిని లెక్కింపని సంప్రదాయాభిమానము నాకిష్టము లేదు.

కాని మఱియొక పక్షము కలదు. మా అక్కయ్యకు ఎనుబది దాటినవి. చిన్ననాడే భర్తను పోగొట్టుకొని పుట్టింటికి వచ్చి, ఆ మండువ గట్టుమీదనే జీవితము గడపినది. ఇప్పుడు వీథిలోనికి పోలేదు. ఆమెకు లోకమన్నను ఆకసమన్నను ఆ చతురస్రమే. అందఱి మాటలు విని చివర ఆమె యొక్క మాట యన్నది: "మొగులు వట్టిందో, పొద్దు గూకిందో తెల్వకుంటె అది ఇల్లెట్లయితది తమ్మీ?" ఎండను పొందు హక్కును గూర్చి అల్పియన్ చెప్పినది పొరుగింటివారి తగవునకు. ఒకే యింటిలో, కదలలేని వారి యెండను కదలగలవారు కప్పివేసిన తీర్పెవరు చెప్పవలెను? ఆ తీర్పు ఇంటివారే చెప్పుకొనవలెను.

మేము చెప్పుకొన్న తీర్పిది. మండువపై అద్దమును పఱచము. పాత కప్పులకు మూడడుగుల యెత్తున కంబములు లేపి, పెంకుల కప్పు వేయుదుము. ఆ మూడడుగుల సందులో దక్షిణపు ప్రక్క నిలువుగా అద్దపు తలుపులు పెట్టుదుము. వానిపై చూరు ముందునకు చాచియుండును. చలికాలపు వాలుటెండ ఆ అద్దముగుండ గదులవఱకు వచ్చును. వేసవి నడినెత్తి యెండను చూరు అడ్డగించును. తక్కిన మూడు ప్రక్కలను గట్టి ఇనుప జాలీ. కోతి రాదు, వేడిగాలి పోవును. తులసికోట యున్న మూల మాత్రము ఏ కప్పును లేక, పైన జాలీతో ఆకసమునకే విడువబడును. వాన అక్కడ పడును, జలదారిని మూయము. అక్కయ్య మంచము ఆ మూలకు దగ్గఱగా నుండును. పసుపు ఎండుట ముగిసిన పిమ్మట పని మొదలగును. తమ్ముని కుమారుడు మొదట చిన్నబుచ్చుకొనెను. పిమ్మట ఖర్చు సగమగునని తెలిసి, "నీ పంచాంగం గూడ పనికొచ్చింది పెద్దబాపూ" అని దూరవాణిలో నవ్వెను.

శ్రోతలారా, పూర్వులు మండువను విడిచినది ధనము చాలక కాదు. కప్పుటకు దూలములును పెంకులును వారికి లేకపోలేదు. వాతాయనమను మాటలో గాలి మొదటిదని వారెఱుగుదురు. మీ యిండ్లలోను ఇట్టి మార్పు తలపెట్టినవారు తాపీమేస్త్రిని పిలుచుటకు ముందు మూడు సంగతులు చూడుడు: మే నెల మధ్యాహ్నము ఎండ ఎచ్చట పడునో, వేడెక్కిన గాలి ఎట్లు పోవునో, ఆ వాకిట ఇప్పుడు కూర్చుండువా రెవరో. ఈ మూడింటికిని సమాధానము దొరికిన పిమ్మట కప్పుకొన్నను తప్పులేదు, విడిచినను తప్పులేదు.